పాత వడ్రంగి యంత్రములు: కొనుటయా, మానుటయా?

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో కావ్యప్రశంసయో, గ్రంథాలయోద్యమ చరిత్రయో వినవచ్చునని వచ్చినవారికి నేటి విషయము కొంత వింతగా తోచవచ్చును. పాత యినుప యంత్రములకును సరస్వతీదేవికిని సంబంధమేమని ఎవరైనను అడుగవచ్చును. అడుగువారు ఒక్కమారు చుట్టును చూతురుగాక. పుస్తకములు నిలిచిన బీరువా, చదువరి కూర్చున్న బల్ల, తలుపు, గడప, ఇవన్నియు వడ్రంగి చేతులమీదుగా వచ్చినవే. గ్రంథాలయము వడ్రంగికి ఋణపడియున్నది. ఆ ఋణములో కొంతైనను తీర్చుటకు, నేడు ఆ వృత్తివారి యెదుట నిలిచిన ఒక ప్రశ్నను విచారించుట యుచితము.

ప్రశ్న యిది. నగరములలో కొన్ని కార్ఖానాలు మూతపడుచున్నవి, కొన్ని క్రొత్త యంత్రములను తెచ్చుకొనుచున్నవి. అక్కడ తీసివేసిన రందా యంత్రములు, చక్రరంపములు, పట్టీరంపములు, లేతులు తక్కువ వెలకు అమ్మకమునకు వచ్చును. పల్లెలోని వడ్రంగి వాటిని కొని, బాగుచేయించి, పనిలో పెట్టుకొనవచ్చునా? లేక ఆ సొమ్ము వృథా యగునా?

ఈ ప్రశ్న వర్ని ప్రాంతమున ఎట్లు పుట్టినదో ముందుగా తెలియవలెను. మంజీరానదిపై నిజాంసాగరు నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసినది. కాలువలు పారినవి. వర్ని, రుద్రూరు, కోటగిరి, బోధను ప్రాంతముల నేలలు తడిసినవి. కృష్ణా గోదావరీ మండలములనుండి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకొనిరి. 1937లో బోధను చెంత శక్కరునగరమున నిజాము చక్కెర కర్మాగారము వెలసినది. చెరకు పెరిగినచోట బండి కావలెను, బండికి వడ్రంగి కావలెను. కుంభియందు ఆకులు బిగించి, పూటీలు కూర్చి, చక్రమును తీర్చి, కమ్మరిచేత ఇనుపపట్టా వేయించువరకు ఆ పని ఎన్నో దినములు సాగెడిది. నాగలి, గొఱ్ఱు, గుంటక, కాడి, వీటి మరమ్మతు ఏడాది పొడవునను ఉండెడిది. పంట కల్లమునకు వచ్చినప్పుడు వడ్రంగి వాటా ధాన్యము వాని యింటికి చేరెడిది.

తరువాత ట్రాక్టరు వచ్చినది. రబ్బరు చక్రము వచ్చినది. వరికోత యంత్రము వచ్చినది. 2015 డిసెంబరులో చక్కెర కర్మాగారము మూతపడినది. చెరకుతోటలు తగ్గి వరిమళ్లు పెరిగినవి. బాడిసె పట్టిన చేతికి నేడు మిగిలిన పని ముఖ్యముగా ఇండ్లది: ద్వారబంధములు, తలుపులు, కిటికీలు, మంచములు, అలమరలు. అందును కర్మాగారములో చేసిన తలుపు, ఇనుపతలుపు, ప్లాస్టిక్ కిటికీ పోటీకి వచ్చినవి. చేతితో రందా పట్టి నాలుగు దినములలో ఒక తలుపు చేయువాడు ఆ వెలలకు తట్టుకొనలేడు. కనుకనే నిజామాబాదు జిల్లానుండి గల్ఫు దేశములకు పోయినవారిలో కులవృత్తులవారును ఎందరో యున్నారు. వీసాకు అప్పుచేయుటయా, యంత్రమునకు అప్పుచేయుటయా అని ఒక యింట తండ్రీకొడుకులు రాత్రి ప్రొద్దుపోవువరకు తర్కించుకొన్నచో, అది ఇనుమును గూర్చిన చర్చ మాత్రము కాదు. ఆ కొడుకు ఊరిలో నిలుచుటయో, విమానమెక్కుటయో అందు తేలవలసియున్నది.

ఈ విచారణలో మొదట తొలగవలసిన భ్రమ ఒకటి కలదు. పాతదనము యంత్రమునకు దోషము కాదు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఇంగ్లండులోని పోర్ట్‌స్మౌత్ నౌకాశాలలో ఓడత్రాళ్లకు కావలసిన కొయ్యకప్పీలను చేయుటకు మార్క్ బ్రూనెల్ అను శిల్పి యంత్రములను కల్పించెను. హెన్రీ మాడ్‌స్లే వాటిని ఇనుముతో నిర్మించెను. 1808 నాటికి అవి ఏడాదికి 1,30,000 కప్పీలను ఇచ్చినవి. పూర్వము 110 మంది చేసిన పనిని 10 మంది చేయగలిగిరి. వాటిలో కొన్ని నూరేండ్లు దాటియు పనిచేసినవి. బలమైన ఇనుము, ఎడతెగని పని, వేళకు నూనె, ఈ మూడును ఉన్నచోట యంత్రమునకు ముసలితనము తొందరగా రాదు. నడచు యంత్రమును రోజూ ఎవరో ఒకరు చూతురు. నిలిచిన యంత్రమును తుప్పు ఒక్కటే చూచును. ఈ మాటకు బోధను ప్రాంతమువారికి వేరు సాక్ష్యము చూపనక్కరలేదు.

అట్లని పాతవన్నియు మంచివని కాదు. అంగడిలో ఎద్దును కొను రైతు ఏమి చేయును? పండ్లు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును, వీలైన కాడి కట్టి చూచును. క్రొత్తగా రంగుపూసిన కొమ్ములను చూచి సొమ్ము విప్పడు. యంత్రమునకును ఇదే పద్ధతి. రంగు క్రొత్తదైనచో అనుమానము పెరుగవలెను గాని తగ్గరాదు.

భోజరాజు కృతమని ప్రసిద్ధమైన సమరాంగణ సూత్రధారము పదునొకండవ శతాబ్దినాటి గ్రంథము. అందు యంత్రవిధానమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. అంగముల కూర్పు చక్కగా ఉండుట, సడలకుండుట, బిగుసుకొనకుండుట, అనవసరమైన ధ్వని లేకుండుట, చిరకాలము నిలుచుట మొదలైనవి యంత్రమునకు గుణములని అందు చెప్పబడినవి. తొమ్మిదివందల యేండ్లు గడచినను, పాత రందా యంత్రమును పరీక్షించువానికి ఇంతకంటె మంచి పట్టిక దొరకదు. దానిని నేటి పనికి అన్వయించి చూడవలెను.

మొదటిది దేహము. యంత్రపు పీఠమును బల్లయు పోతయినుముతో చేసినవి. మిగిలిన భాగములన్నిటిని మార్చవచ్చును గాని దేహము పగిలిన మార్చలేము. పోతయినుమును అతుకుట కష్టము. కాచి, ప్రత్యేకమైన కడ్డీతో అతికినను కొలత వంకరపోవచ్చును. చిన్న సుత్తితో మెల్లగా తట్టినచో పగులులేని ఇనుము గంటవలె పలుకును, పగిలినది బొంగురుపోవును. అనుమానమున్నచోట కిరోసిను పూసి, గుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి అద్దినచో, పగులులో దాగిన నూనె సుద్దలోనికి ఊరి గీతగా కనబడును. బల్లపై సరియైన ఇనుపబద్ద నిలిపి వెనుక దీపము పెట్టినచో మిట్టపల్లములు వెలుతురే చెప్పును. పైపైన పట్టిన తుప్పు కిరోసినుతోను గరుకుకాగితముతోను పోవును, దానికి భయపడనక్కరలేదు. గుంటలు పడునట్లు తిన్న తుప్పు వేరు.

రెండవది ఇరుసును బేరింగులును. చేతితో త్రిప్పినప్పుడు ఇరుసు తేలికగా తిరుగవలెను, పైకెత్తి కదపినచో కదలరాదు. భోజుని గ్రంథము సడలక, బిగియక యని చెప్పినది దీనినే. మిక్కిలి పాత యంత్రములలో తగరము, అంజనము, రాగి కలిపిన తెల్లలోహపు మెత్తలు ఉండును. అమెరికాలో ఐజాక్ బాబిట్ 1839లో దీనిని కనిపెట్టెను. అరిగినచో కరగించి మరల పోయవచ్చును. నేర్పరి దొరకుటయే కష్టము. గుండ్ల బేరింగులైనచో వాటి అంచున చెక్కిన సంఖ్యను చదువవలెను. 6205 అని యున్నదనుకొందురుగాక: లోపలి వ్యాసము 25 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసము 52, మందము 15. ఏ దేశమున చేసినను ఆ సంఖ్యకు ఆ కొలతయే. అట్టి యంత్రమునకు బేరింగు పట్నపు దుకాణమునందు దొరకును. లోకవాడుకలో లేని కొలతయున్నచో, ఒక చిన్న ఉంగరము కొఱకు యంత్రమంతయు నెలలకొలది పడియుండవచ్చును.

మూడవది కత్తులు బిగించు దిండు. పూర్వకాలపు రందా యంత్రములలో ఇది నలుపలకల దిండు. పలకకును పలకకును నడుమ లోతైన సందు ఏర్పడుటచే చేయి జారినచో వ్రేళ్లు లోనికి పోవును. అందుచేతనే బ్రిటనులో 1922నాటి నిబంధనలు చేతితో చెక్కను నెట్టు రందా యంత్రమునకు గుండ్రని దిండే యుండవలెనని విధించినవి. నూరేండ్ల క్రిందట అక్కడ నిషేధించినదానిని నేడిక్కడ చవుకగా వచ్చినదని కొనుట తగదు. నలుపలకల దిండు కనబడినచో మార్పించుకొనవలెను. మార్చుటకు వీలులేనిచో విడిచి రావలెను.

నాల్గవది మోటారు. కాలిన మోటారునకు బెదరవద్దు. వరిపొలముల బోరు మోటార్లకు తీగ చుట్టువారు ఈ ప్రాంతమున ఉన్నారు. కాని వేగపు లెక్క తప్పరాదు. సామాన్యముగా నిమిషమునకు 1440 చుట్లు తిరుగు మోటారునకు 6 అంగుళముల పుల్లీ, కత్తుల దిండునకు 2 అంగుళముల పుల్లీ యున్నచో, దిండు నిమిషమునకు 4320 చుట్లు తిరుగును. ఇది సరియైన వేగము. పాత మోటారు పోయినదని చేతికందిన 2880 చుట్ల మోటారును అదే పుల్లీతో తగిలించినచో దిండు 8640 చుట్లు తిరుగును. అప్పుడు కత్తులు ఊడి వచ్చినచో అవి తుపాకిగుండ్లే. బాగుచేయుట యనగా తిరుగునట్లు చేయుట మాత్రమే కాదు; తగిన వేగమున తిరుగునట్లు చేయుట.

ఇక జమాఖర్చు. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ యను సామెత పాత యంత్రముల యెడల అక్షరాల నిజము. ఉదాహరణకు ఊహించిన అంకెలతో ఒక లెక్క వేయవచ్చును. ఎవరికి వారు తమ అంకెలు వేసికొనవలెను. యంత్రము వెల 60,000 రూపాయలు. ఎత్తుబడి, రవాణా 8,000. మోటారు చుట్టించుట 6,000. బేరింగులు, బెల్టులు, కత్తులు 9,000. విద్యుత్తు మీటరు, తీగెలు 12,000. సిమెంటు దిమ్మ 5,000. మొత్తము 1,00,000. అనగా అరువదివేల యంత్రము కొట్టములో నిలిచి తిరుగునప్పటికి లక్ష.

ఈ లక్షకు నూటికి 12 చొప్పున ఏడాది వడ్డి 12,000. పదియేండ్ల తరువాత ఇనుము క్రింద అమ్మిన 20,000 వచ్చుననుకొన్న, తరుగుదల ఏడాదికి 8,000. మరమ్మతులకు 10,000. ఈ 30,000 యంత్రము తిరిగినను తిరుగకున్నను పోవు ఖర్చు. వడ్రంగి కూలి కాక యంత్రపు బాడుగ గంటకు 150 రూపాయలు వచ్చుననియు, అందు విద్యుత్తునకు, కత్తుల పదునునకు 30 పోవుననియు అనుకొన్నచో, మిగులు 120. ముప్పదివేలను 120చే భాగింపగా 250. ఏడాదికి 250 గంటల పని యున్నచో యంత్రము తన తిండి తాను సంపాదించుకొనును. అంతకు మించినది లాభము, తగ్గినది అప్పు.

అన్ని ఖర్చులతో రెండు లక్షలగు క్రొత్త యంత్రమునకు ఇదే పద్ధతిని వడ్డి 24,000, పదియేండ్లకు 40,000 మిగులుననుకొన్న తరుగుదల 16,000, మరమ్మతులు తక్కువ గనుక 5,000, మొత్తము 45,000. దానికి 375 గంటలు కావలెను. రెంటికి భేదము 125 గంటలు. పాతదానివలన కలుగు లాభమంతయు ఇదే. పెండ్లిండ్లు, గృహప్రవేశములు వచ్చు ఎండకాలపు నెలలలో పాత యంత్రము రోజునకు ఎనిమిది గంటల చొప్పున పదునారు దినములు మూలపడినచో ఆ 125 గంటలును హరించిపోవును. కనుక యంత్రమును బాగుచేయు నేర్పు ఇంటిలోనో ఊరిలోనో ఉన్నవానికే పాతది చవుక. ప్రతి చిన్న మరమ్మతునకు పట్నమునుండి మేస్త్రీని పిలువవలసినవానికి క్రొత్తదే చవుక. సంవత్సరమునకు నూరు గంటల పని మాత్రమే యున్నవానికి రెండును ప్రియమే. వాడు పలకలను బాడుగ యంత్రమువద్దకు తీసికొనిపోయి చిత్రిక పట్టించుకొనుట మేలు.

చట్టము మాటయు తెలియవలెను. దుంగలను కోయు రంపపు మిల్లునకు అటవీశాఖ అనుమతి అవసరము. 1996 డిసెంబరు 12వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము అడవుల విషయమున ఇచ్చిన ఉత్తర్వు తరువాత ఈ కట్టుబాటు మరింత బిగిసినది. పెద్ద పట్టీరంపము చవుకగా వచ్చినదని బండికెత్తుటకు ముందే అటవీ అధికారి కార్యాలయమున విచారింపవలెను. తెలంగాణములో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు వచ్చినది. ఆ తీగెనుండి రందాను త్రిప్పుట న్యాయము కాదు; యంత్రమునకు వేరు మీటరు పెట్టించి, ఆ ఖర్చును లెక్కలో వ్రాసికొనవలెను.

వీటన్నిటికంటె ముఖ్యమైనది శరీరరక్షణ. 12 అంగుళముల చక్రరంపము నిమిషమునకు 3000 చుట్లు తిరిగినచో దాని పండ్లు నిమిషమునకు తొమ్మిదివేల అడుగులకు పైగా పరుగెత్తును. అంత వేగమున పట్టుబడిన చెక్క వెనుకకు ఎగిరివచ్చినచో రొమ్మున తగులును. కోసిన చీలిక మరల రంపమును బిగబట్టకుండ వెనుక నిలుపు పలుచని ఇనుపరేకు, పైన మూత, బెల్టునకు కంచె, ఇవి పాత యంత్రములలో తరచుగా ఊడిపోయి యుండును. ముందుగా కొనవలసినవి అవే. తిరుగు భాగములకు కంచె వేయవలెనని 1948నాటి ఫ్యాక్టరీల చట్టమే విధించినది. ఇంటి కొట్టము ఫ్యాక్టరీ కాకపోవచ్చును, రంపమునకు ఆ భేదము తెలియదు. పొట్టు సంగతియు అట్టిదే. కొయ్యధూళి క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో నిర్ణయించినది. యంత్రము చేతిరంపముకంటె ఎన్నోరెట్లు సన్నని ధూళిని లేపును. గాలి పారు కొట్టము, ముక్కునకు తగిన మూత, పసిబిడ్డలు నిద్రించుచోటికి దూరము, ఇవి యంత్రపు వెలలో చేరినవే యని భావింపవలెను.

యంత్రము వచ్చిన చేతిపని చచ్చునని కొందరు భయపడుదురు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెనపట్టి, లక్కరంగులు అద్ది బొమ్మలు చేయుదురు. పూర్వము చేతితో త్రిప్పిన తరిమెనకు ఇప్పుడు విద్యుత్తు మోటారు తోడైనది. అయినను ఉలి పట్టినది మనుష్యుని చేయియే. రంగు అద్దినది ఆ చేయియే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇటు గోదావరికి అవతలనున్న నిర్మలలో పొనికికొయ్య బొమ్మలు చేతిపరికరములతో చెక్కుటయే నేటికిని వన్నె. దీనినిబట్టి తేలినదేమనగా, మోత బరువు పనులు, అనగా కోత, చిత్రిక, రంధ్రము వేయుట, యంత్రమునకు విడువవచ్చును. కుసులు కూర్చుట, నగిషీ, కొయ్య నరము చూచి పలక నెన్నుట, ఇవి విద్యకు చెందినవి. ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో కొయ్యకై అడవికి పోవు విధిని గూర్చి ఒక అధ్యాయమునే వ్రాసెను. ఏ చెట్టు తగునో, ఏది తగదో చెప్పు కన్ను ఏ యంత్రమునకును లేదు.

ఒక్కనికి 250 గంటల పని లేకపోవచ్చును. నలుగురికి కలిపి ఉండవచ్చును. నలుగురు వడ్రంగులు చేరి ఒక యంత్రమును కొన్నచో ఒక్కొక్కని పాలు 25,000 మాత్రమే. ఏడాదికి ఒక్కొక్కడు 63 గంటలు వాడినచో సరిపోవును.  అయితే ఉమ్మడి ఎద్దు ఎండి చచ్చును గనుక, ఏ దినమున ఎవరి వంతు, ఎవరు నూనె పోయవలెను, కత్తి విరిగిన ఎవరు పెట్టుకొనవలెను అను మూడు మాటలను కాగితముపై వ్రాసి సంతకములు చేసికొన్న తరువాతనే సొమ్ము విప్పవలెను. స్నేహము చెడకుండుటకు కూడ లెక్కయే రక్ష.

కావున నిర్ణయక్రమము ఇట్లుండవలెను. ముందుగా గడచిన రెండేండ్లలో వచ్చిన పనిని గంటలలోనికి మార్చి వ్రాసికొనవలెను. గంటలు చాలినచో, బాగుచేయు నేర్పు అందుబాటులో నున్నదా యని విచారింపవలెను. ఉన్నచో పాతదానిని చూడబోవలెను. దేహము పగిలినచో తిరిగి రావలెను. దేహము గట్టిదై, బేరింగు సంఖ్య నేటిదై, దిండు గుండ్రనిదై, తన యెదుట నడచి చూపినచో బేరమాడవలెను. చేతిలోని సొమ్మంతయు వెలకే యిచ్చివేయక, పదింటిలో నాలుగు పాళ్లు బాగుచేయుటకు మిగుల్చుకొనవలెను. ఈ మెట్లలో ఏ యొక్కటి తప్పినను కొనకుండుటయే వివేకము. కొనకుండుటయు ఒక నిర్ణయమే. అది పిరికితనము కాదు.

ఈ విషయమున గ్రంథాలయము చేయదగిన పని ఒకటి కలదు. బీరువాలో ఒక అర వడ్రంగులకు కేటాయించి, అందు ఒక గట్టి అట్టల పుస్తకము ఉంచవచ్చును. ఊరిలోను, ఇరుగుపొరుగు గ్రామములలోను ఉన్న ప్రతి యంత్రపు పేరు, మోటారు వేగము, పుల్లీల కొలతలు, బేరింగుల సంఖ్యలు, బెల్టు పొడవు, బాగుచేసిన మేస్త్రీ ఊరు, అయిన ఖర్చు అందు వ్రాసి యుంచవలెను. ఒకని అనుభవము ఆ పుటలో నిలిచినచో రెండవవాడు అదే ఖర్చును మరల పెట్టనక్కరలేదు. చదువురాని వృద్ధ మేస్త్రీ చెప్పగా పాఠశాల బాలుడు వ్రాయవచ్చును. ఇద్దరికిని మేలు కలుగును. కావ్యములు మనస్సునకు అన్నము పెట్టును. ఆ పుస్తకము ఊరిలోని ఒక పొయ్యి ఆరకుండ చూచును. రెండును ఒకే బీరువాలో ఉండుటకు సరస్వతీదేవి అభ్యంతరపెట్టదు.